గ్రోవర్ వాషింగ్టన్ 'వైన్‌లైట్': కూర్చుని వినాల్సిన ఆల్బమ్

(సంగీత శ్రోతల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ నుంచి రాసిన పాఠం ఇది.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో కూర్చున్నవాళ్లకి వినిపిస్తోందా? సరే.

ఈరోజు నేను మాట్లాడబోయే ఆల్బమ్ మీలో చాలామంది ఇదివరకే విని ఉంటారు. పేరు తెలియకపోవచ్చు, వాయించింది ఎవరో తెలియకపోవచ్చు. హోటల్ లాబీలో విని ఉంటారు, ఎయిర్‌పోర్టులో విని ఉంటారు. అక్కడ ఎవరైనా వింటారా? వినరు. అది మోగుతుండగానే మాట్లాడుకుంటారు, ఫోన్ చూసుకుంటారు. వెనకాల శాక్సఫోన్ తన మానాన తాను మోగుతూ ఉంటుంది. అలా మోగడానికే పుట్టిన సంగీతం అని మనం అనుకుంటాం. నేను ఆ మాట ఒప్పుకోను. ఈ సాయంత్రం నేను చెప్పదలచుకున్నది ఇదొక్కటే. ఈ ఆల్బమ్‌లో ఉన్న ఆ తేలికదనం గొప్ప కష్టం మీద వచ్చింది. ఎంత వాయించగలరో తెలిసిన మనుషులు, ఎంత వాయించకూడదో కూడా తెలిసిన మనుషులు కలిసి చేసిన పని అది.

ఆల్బమ్ పేరు 'వైన్‌లైట్'. శాక్సఫోన్ వాయించినది గ్రోవర్ వాషింగ్టన్ జూనియర్. 1980 జూన్, జూలై నెలల్లో న్యూయార్క్‌లోని రోజ్‌బడ్ స్టూడియోలో రికార్డు చేశారు. ఎలెక్ట్రా కంపెనీ ఆ ఏడాదే విడుదల చేసింది. మొత్తం ఆరు పాటలు, 39 నిమిషాలు. అంతే. ఆ 39 నిమిషాలు అమెరికాలో శాక్సఫోన్ సంగీతాన్ని ఎటు తిప్పాయో తర్వాత చెబుతాను. ముందు ఈయన ఎవరో చూద్దాం.

గ్రోవర్ 1943 డిసెంబర్ 12న న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలోలో పుట్టారు. తల్లి చర్చిలో పాడేవారు. తండ్రి శాక్సఫోన్ వాయించేవారు, పాత జాజ్ రికార్డులు సేకరించేవారు. పిల్లవాడికి ఎనిమిదేళ్లప్పుడు తండ్రే శాక్సఫోన్ చేతికిచ్చారు. పదహారేళ్లకల్లా ఇల్లు వదిలి 'ఫోర్ క్లెఫ్స్' అనే బృందంతో ఊళ్లు తిరగడం మొదలుపెట్టాడు. తర్వాత సైన్యంలోకి పిలుపు వచ్చింది. అక్కడ పరిచయమైన మనిషి ఎవరో తెలుసా? డ్రమ్మర్ బిల్లీ కాబమ్. తర్వాతి రోజుల్లో మహావిష్ణు ఆర్కెస్ట్రా అనే జాజ్-రాక్ బృందంలో వాయించిన బిల్లీ కాబమే. న్యూయార్క్ సంగీతకారులకి గ్రోవర్‌ని పరిచయం చేసింది ఆయనే.

1967లో గ్రోవర్ ఫిలడెల్ఫియాలో స్థిరపడ్డారు. ఈ ఊరి సంగతి కొంచెం పట్టించుకోవాలి. అప్పట్లో ఫిలడెల్ఫియా క్లబ్బుల్లో ఆర్గాన్ బృందాలు వాయించేవి. ఒక హామండ్ ఆర్గాన్, అంటే కరెంటుతో మోగే కీబోర్డు వాద్యం, ఒక డ్రమ్స్, ఒక గిటార్, ఒక శాక్సఫోన్. వినేవాళ్లు పగలంతా పనిచేసి వచ్చిన మామూలు జనం. కాలు ఆడకపోతే లేచి వెళ్లిపోతారు. శాక్సఫోన్ ఎంత చాకచక్యంగా వాయించినా సరే, లయ తప్పితే ఆ జనం ఒప్పుకోరు. గ్రోవర్ చదువు అక్కడ జరిగింది. జాజ్ శాక్సఫోన్ దిగ్గజం జాన్ కోల్ట్రేన్ అంటే ప్రాణం ఆయనకి, అలా వాయించడానికి కావలసిన విద్య కూడా ఉంది. కానీ ఎదురుగా ఉన్న జనాన్ని వదిలేసి తనలో తాను వాయించుకోలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ఆల్బమ్ దగ్గరికి వచ్చాక పనికొస్తుంది.

ఆయన పేరు బయటికి వచ్చిన తీరు కూడా విచిత్రమే. 1971లో క్రీడ్ టేలర్ అనే నిర్మాత హ్యాంక్ క్రాఫర్డ్ అనే ఆల్టో శాక్సఫోన్ కళాకారుడితో ఒక రికార్డు చేయాలనుకున్నారు. అన్నీ సిద్ధం చేసుకున్నాక క్రాఫర్డ్ రాలేకపోయారు. అక్కడున్న గ్రోవర్‌ని నువ్వు వాయించు అన్నారు. ఆయన ఎక్కువగా వాయించేది టెనర్, అంటే ఆల్టో కన్నా పెద్దది, లోతైన గొంతున్న శాక్సఫోన్. ఆల్టో చేతికి తీసుకుని వాయించేశారు. ఆ రికార్డు 'ఇన్నర్ సిటీ బ్లూస్'. అలా ఒకరి స్థానంలో నిలబడి సొంత పేరు సంపాదించుకున్నారు. నాలుగేళ్లు తిరిగేసరికి 'మిస్టర్ మ్యాజిక్' వచ్చింది, ఇక వెనక్కి చూసుకోలేదు. ఆ 'మిస్టర్ మ్యాజిక్' పాట రాసినవాళ్లు రాల్ఫ్ మెక్‌డొనాల్డ్, విలియం సాల్టర్. ఈ రెండు పేర్లు మళ్లీ వస్తాయి.

సరే, ఇప్పుడు 1980కి వద్దాం. ఆ స్టూడియో గదిలో ఎవరెవరున్నారో చెబుతాను. ఈ జాబితా నాకు చాలా ఇష్టం, కొంచెం ఓపిక పట్టండి.

డ్రమ్స్ మీద స్టీవ్ గ్యాడ్. ఎలక్ట్రిక్ పియానో మీద రిచర్డ్ టీ. గిటార్ మీద ఎరిక్ గేల్. ఈ ముగ్గురూ 'స్టఫ్' అనే బృందంలో ఏళ్ల తరబడి కలిసి వాయించినవాళ్లు. అంటే ఒకరి ఊపిరి ఒకరికి తెలుసు. గ్యాడ్ అప్పటికే న్యూయార్క్‌లో అందరూ కావాలని పిలిపించుకునే డ్రమ్మర్. బేస్ గిటార్ మీద మార్కస్ మిల్లర్. ఆయన వయసెంతో ఊహించండి? 21 ఏళ్లు. మరుసటి ఏడాది జాజ్ ట్రంపెట్ దిగ్గజం మైల్స్ డేవిస్ తన బృందంలోకి తీసుకున్నది ఈ కుర్రాడినే. కాంగా అనే చేత్తో వాయించే డ్రమ్, ఇతర తాళవాద్యాల మీద రాల్ఫ్ మెక్‌డొనాల్డ్. గ్రోవర్‌తో కలిసి ఆల్బమ్ నిర్మాత కూడా ఆయనే.

రాల్ఫ్ మెక్‌డొనాల్డ్ గురించి ఒక మాట. పుట్టింది న్యూయార్క్ హార్లెమ్‌లో, మూలాలు ట్రినిడాడ్‌లో. తండ్రి అక్కడి కలిప్సో పాటల గాయకుడు. కుర్రతనంలోనే గాయకుడు హ్యారీ బెలఫాంటే బృందంలో స్టీల్ డ్రమ్ వాయించడానికి చేరాడు. ఆయన వాయిద్యం మీకు ఎక్కడా ముందుకు వచ్చి కనిపించదు. కానీ ఆయన్ని తీసేస్తే ఈ ఆల్బమ్ కూలిపోతుంది. గ్యాడ్ డ్రమ్స్ మీద పెద్ద అడుగులు వేస్తూ ఉంటే, మధ్యలో ఉన్న ఖాళీల్లో మెక్‌డొనాల్డ్ చిన్న చిన్న దెబ్బలు వేస్తూ ఉంటారు. ఇద్దరూ ఒకే చోట కొట్టరు. ఒకరు వదిలిన చోట ఇంకొకరు. మృదంగం, ఘటం పక్కపక్కన విన్నవాళ్లకి ఈ ఒప్పందం ఏమిటో నేను వేరే చెప్పనక్కర్లేదు.

ఇంతమంది ఘనులు ఒక గదిలో చేరితే మామూలుగా ఏం జరుగుతుంది? ఎవరి ప్రతాపం వాళ్లు చూపిస్తారు. ఇక్కడ అది జరగలేదు. గంట కొట్టినట్టు చెబుతాను, ఈ ఆల్బమ్‌లో ఎక్కడా ఒక్కరు కూడా నేనున్నాను చూడండి అని అనలేదు. మొదటి పాట, ఆల్బమ్ పేరుతోనే ఉన్న పాట, విలియం ఈటన్ రాసినది, ఏడున్నర నిమిషాలు నడుస్తుంది. నడక నెమ్మది. గ్రోవర్ ఒక చిన్న వాక్యం వాయిస్తారు, ఆగుతారు. ఆగిన చోట బేస్ వినిపిస్తుంది, పియానో వినిపిస్తుంది. ఇంకో వాక్యం వాయిస్తారు. మళ్లీ ఆగుతారు. పాట ముందుకు పోయేకొద్దీ వాక్యాలు పొడుగవుతాయి, స్వరాలు వేగమవుతాయి. ఆ వేగం వచ్చేసరికి మనం ఆయన మాట వినడానికి సిద్ధంగా ఉంటాం. మొదటి నిమిషంలోనే అదంతా వాయించి ఉంటే? ఆహా అనుకుని పక్కవాడితో మాటల్లో పడేవాళ్లం.

ఇక్కడ శాక్సఫోన్ అనే వాద్యం గురించి రెండు మాటలు చెప్పాలి. సంగీతం నేర్చుకుంటున్న పిల్లలు కూడా వచ్చారు కాబట్టి. అడాల్ఫ్ సాక్స్ అనే బెల్జియం మనిషి చేసిన వాద్యం ఇది, 1846లో పారిస్‌లో పేటెంట్ తీసుకున్నారు. ఒళ్లంతా ఇత్తడి. కానీ శబ్దం పుట్టేది నోటి దగ్గర ఉన్న ఒక చిన్న రెల్లు బద్ద నుంచి, దాన్నే రీడ్ అంటారు. కింది పెదవి ఆ రీడ్‌ని ఎంత నొక్కుతోంది, గొంతు ఎంత తెరుచుకుని ఉంది, గాలి ఎంత బలంగా పోతోంది, వీటిలో ఏ ఒక్కటి కాస్త మారినా స్వరం కిందికో పైకో జారుతుంది. వేలు ఒకే మీట మీద ఉండగానే స్వరం జారుతుంది, గమనించండి. అంటే ఇది ఒక రకంగా గొంతు. వేళ్లు స్వరాన్ని చూపిస్తాయి, పలికించేది పెదవి.

పొడుగ్గా నిటారుగా ఉండే సొప్రానో శాక్సఫోన్‌తో ఈ కష్టం ఇంకా ఎక్కువ. నోట్లో పెట్టుకునే భాగం చిన్నది. పెదవి వెంట్రుకవాసి బిగిస్తే చాలు, శ్రుతి తప్పుతుంది. గ్రోవర్ సొప్రానో, ఆల్టో, టెనర్ మూడూ వాయించేవారు, మూడింటి మీదా ఆయన గొంతు ఆయనదే. స్వరాన్ని సరిగ్గా దాని చోటులో పట్టుకోరు. కొంచెం కింద నుంచి మొదలుపెట్టి పైకి చేర్చుతారు. వదిలేటప్పుడు టక్కున వదలరు, కొంచెం వంచి వదులుతారు. మన చెవికి అది గమకంలాగే తగులుతుంది. చర్చిలో పాడే తల్లి, బ్లూస్ వినే ఇల్లు, ఆర్గాన్ క్లబ్బులు, ఇవన్నీ ఆ వంపులో ఉన్నాయి.

కద్రి గోపాల్‌నాథ్ గారిని ఇక్కడ తలుచుకోకుండా ఎలా ఉంటాం? శాక్సఫోన్ మీద కర్ణాటక సంగీతం వాయించి, మన తెలుగు కీర్తనల్ని ఆ ఇత్తడి గొట్టం నుంచి పలికించిన మనిషి. గ్రోవర్ న్యూయార్క్‌లో ఈ ఆల్బమ్ రికార్డు చేసిన 1980లోనే, బొంబాయి జాజ్ ఉత్సవంలో జాన్ హ్యాండీ అనే అమెరికన్ శాక్సఫోన్ కళాకారుడు గోపాల్‌నాథ్ గారి వాయింపు విని, మీతో కలిసి వాయించనిస్తారా అని అడిగారు. ఇద్దరూ కలిసి వాయించారు. గ్రోవర్‌కీ దీనికీ సంబంధం లేదు, నేను ముడిపెట్టడం లేదు. స్వరాన్ని వంచే పద్ధతి తెలిసిన ఇద్దరు ఒకచోట చేరితే భాష అడ్డం రాలేదని చెబుతున్నాను.

ఇప్పుడు అందరూ ఎదురుచూస్తున్న పాట. 'జస్ట్ ద టూ ఆఫ్ అస్'. అవును, ఆ పాటే. మీలో కొందరు ఇది బిల్ విథర్స్ పాట కదా అనుకుంటున్నారు. గొంతు ఆయనదే. కానీ ఇది గ్రోవర్ ఆల్బమ్‌లోని పాట. ఆలోచించండి. ఒక వాద్యకారుడు తన ఆల్బమ్‌లో అందరికన్నా ఎక్కువగా జనంలోకి వెళ్లిన పాటలో తాను పక్కకి తప్పుకుని గాయకుణ్ణి ముందు నిలబెట్టాడు. ప్రపంచం ఆ పాటని గాయకుడి పేరుతో గుర్తుపెట్టుకుంది. ఎంతమంది ఒప్పుకుంటారు దీనికి?

బిల్ విథర్స్ వెస్ట్ వర్జీనియాలోని స్లాబ్ ఫోర్క్ అనే బొగ్గుగనుల ఊళ్లో పుట్టారు. చిన్నప్పటి నుంచి నత్తి. నేవీలో తొమ్మిదేళ్లు పనిచేసి, తర్వాత విమానాల ఫ్యాక్టరీలో పనిచేస్తూ ముప్పై దాటాక మొదటి రికార్డు చేశారు. ఈ పాట మెక్‌డొనాల్డ్, సాల్టర్ రాసి ఆయనకి పంపారు. మాటలు కొంచెం దిద్దనిస్తే పాడతాను అన్నారు విథర్స్. దిద్దారు కూడా. అందుకే రచయితల్లో ఆయన పేరు కూడా ఉంటుంది. సొంత కంపెనీతో సరిపడక ఆయన సొంత ఆల్బమ్‌లు ఆగిపోయిన రోజులు అవి. అలాంటి రోజుల్లో పాడిన పాట ఇది. ఎంత తక్కువ గొంతుతో పాడారో వినండి. ఒక్కచోట కూడా అరవలేదు.

ఇంకా ఒక సంగతి ఉంది, ఇది కొంచెం సాంకేతికం. కీబోర్డు వచ్చినవాళ్లు రాసుకోండి. ఈ పాట ఎఫ్ మైనర్‌లో ఉంది, అంటే ఎఫ్ దీనికి ఇల్లు లాంటిది. కానీ ఎఫ్ మైనర్‌తో మొదలవదు. డి ఫ్లాట్ మేజర్ సెవెన్త్ అనే కార్డ్‌తో, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపుతో మొదలవుతుంది. అక్కడి నుంచి సి సెవెన్త్. అది లాగి తెచ్చి ఎఫ్ మైనర్‌లో పడేస్తుంది. హమ్మయ్య ఇల్లు చేరాం అనుకుంటామా, వెంటనే 'ఇ' ఫ్లాట్ మైనర్, 'ఎ' ఫ్లాట్ సెవెన్త్. అవి మళ్లీ డి ఫ్లాట్ వైపు లాగుతాయి. అంటే చక్రం మళ్లీ మొదలు. ఇల్లు చేరతాం, కూర్చోలేం. పాట మొత్తం దాదాపు ఇంతే తిరుగుతుంది. మన సంగీతంలో తంబురా ఒక్క షడ్జమం మీద నిలబడి ఉంటుంది, దాని మీద రాగం కదులుతుంది. ఇక్కడ కింద ఉన్న ఆధారమే కదులుతూ ఉంటుంది, దాని మీద పాట స్థిమితంగా నిలబడి ఉంటుంది. ఈ చక్రం ఎంత ప్రాచుర్యం పొందిందంటే, జపాన్ పాప్ సంగీతంలో దీని వరసని ఈ పాట పేరుతోనే పిలుస్తారు. కొత్తగా పాటలు కట్టే పిల్లలు ఇప్పటికీ అక్కడి నుంచే మొదలుపెడతారు.

రేడియోలో వేసింది దాదాపు నాలుగు నిమిషాల ముక్క. ఆల్బమ్‌లో ఉన్నది ఏడు నిమిషాలు దాటిన పాట. ఆ తేడా ఎక్కడుంది? రేడియో ముక్కలో విథర్స్ ఉంటారు, గ్రోవర్ కొద్దిగా ఉంటారు. ఆల్బమ్‌లో పాట మధ్యలో ట్రినిడాడ్ కళాకారుడు రాబర్ట్ గ్రీనిడ్జ్ స్టీల్ డ్రమ్ వాయిస్తారు. నూనె పీపాల నుంచి పుట్టిన వాద్యం అది. ఆ తర్వాత గ్రోవర్ అందుకుని పాటని చివరిదాకా తీసుకెళ్తారు. రేడియో ముక్క మాత్రమే విన్నవాళ్లు ఈ పాటని సగమే విన్నారు. నా మాట నమ్మండి, మంచి సగం ఇంకా మిగిలే ఉంది.

మిగతా పాటల గురించి గబగబా చెప్పేస్తాను. 'లెట్ ఇట్ ఫ్లో' గ్రోవర్ స్వయంగా రాసి డాక్టర్ జె కి అంకితమిచ్చారు. డాక్టర్ జె అంటే వైద్యుడు అనుకునేరు! ఫిలడెల్ఫియా సెవెంటీ సిక్సర్స్ బాస్కెట్‌బాల్ ఆటగాడు జూలియస్ ఎర్వింగ్. గ్రోవర్ ఆ జట్టుకి వీరాభిమాని, వాళ్ల ఆటల ముందు జాతీయ గీతం శాక్సఫోన్ మీద వాయించేవారు. ఎర్వింగ్ గాలిలోకి లేస్తే దిగడానికి తొందరపడడు. ఆ పాటలో స్వరాలు కూడా అంతే. 'ఇన్ ద నేమ్ ఆఫ్ లవ్' నాకు అంత పట్టలేదు, బాగానే ఉంటుంది కానీ మిగతావాటి పక్కన తేలిపోతుంది. 'టేక్ మీ దేర్', చివరి 'మేక్ మీ ఎ మెమరీ' రెండూ గ్రోవర్ రాసినవే. చివరిదాన్ని విషాద సాంబా అన్నారు ఆయన. బ్రెజిల్ నడక, దాని మీద బరువైన మనసు. ఆల్బమ్ మొత్తంలో నాకు ఎక్కువ ఇష్టమైనది అదే. అందరికీ తెలిసిన పాట అయిపోగానే ఆపేయకండి, దాని వెంటనే ఇది వస్తుంది.

ఈ ఆల్బమ్ ఎంత బాగా పోయిందంటే, 1981లో ప్లాటినం అయ్యింది. అంటే అమెరికాలో పది లక్షల కాపీలు. జాజ్ వాద్యకారుడి రికార్డు పాప్ జాబితాలో 5వ స్థానం దాకా ఎక్కింది. 'జస్ట్ ద టూ ఆఫ్ అస్' పాట 2వ స్థానం దాకా వెళ్లింది. 1982 గ్రామీల్లో ఆల్బమ్‌కి జాజ్ ఫ్యూజన్ విభాగంలో, పాటకి ఆర్ అండ్ బి, అంటే రిథమ్ అండ్ బ్లూస్ విభాగంలో అవార్డులు వచ్చాయి.

మరి జాజ్ విమర్శకులు ఏమన్నారు? చాలామంది పెదవి విరిచారు. మెత్తగా ఉంది, లోతు లేదు, ఇది జాజ్ కాదు అన్నారు. వాళ్ల బాధ నాకు కొంత అర్థమవుతుంది. ఎందుకంటే దీని తర్వాత వచ్చినదాన్ని బట్టి దీన్ని కొలిచారు. 1987లో లాస్ ఏంజిలెస్‌లో 'ద వేవ్' అనే రేడియో స్టేషన్ మొదలైంది. తర్వాత ఊరూరా అలాంటి స్టేషన్లు వచ్చాయి. స్మూత్ జాజ్ అనే పేరు ఆ రేడియో వ్యాపారంలో స్థిరపడింది. గ్రోవర్ ఈ ఆల్బమ్ చేసినప్పుడు షాపుల్లో ఆ పేరుతో అర లేదు. ఆఫీసుల్లో పనిచేసుకుంటూ వినేవాళ్లు ఛానల్ మార్చకూడదు, అదే ఆ స్టేషన్ల లెక్క. అందుకని పొడుగు వాయింపులు తీసేశారు. ఉలిక్కిపడేలా చేసేది ఏదైనా తీసేశారు. డ్రమ్మర్ బదులు యంత్రం వచ్చింది. స్టీవ్ గ్యాడ్ ఉండాల్సిన చోట మిషన్ కూర్చుంటే ఆ ఖాళీల్లో మెక్‌డొనాల్డ్ ఎవరితో మాట్లాడతారు? చెప్పండి.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. నకలు చేసినవాళ్లు 'వైన్‌లైట్' పైపూత తీసుకున్నారు. ఆ గదిలో మనుషులు ఒకరినొకరు వినడం తీసుకోలేదు. అది తీసుకోవడం డబ్బుతో అయ్యే పని కూడా కాదు, ఏళ్ల తరబడి కలిసి వాయిస్తేనే వస్తుంది. నకళ్లు పల్చగా ఉన్నాయని అసలుని తప్పుపట్టడం న్యాయమేనా? అందరినీ ఒకే గాటన కట్టడం కూడా నాకు ఇష్టం లేదు. గ్రోవర్‌ని వింటూ పెరిగినవాళ్లలో కిర్క్ వేలమ్, జెరాల్డ్ ఆల్‌బ్రైట్ లాంటి నిజమైన విద్వాంసులున్నారు. రేడియో స్టేషన్ల కాలం మాత్రం అయిపోయింది. 2008లో న్యూయార్క్ స్టేషన్ కూడా ఆ సంగీతాన్ని వదిలేసింది.

గ్రోవర్ ఆ పతనం చూడలేదు. 1999 డిసెంబర్ 17న న్యూయార్క్‌లో సీబీఎస్ టెలివిజన్ కార్యక్రమం కోసం నాలుగు పాటలు వాయించి, స్టూడియోలోనే విశ్రాంతి గదిలో కుప్పకూలారు. గుండెపోటు. 56 ఏళ్లు నిండి ఐదు రోజులు. అప్పటికి ఆయన ఒపెరా గీతాల్ని శాక్సఫోన్ మీద వాయించి ఒక ఆల్బమ్ పూర్తిచేసి పెట్టారు, అది మరుసటి ఏడాది వచ్చింది. అంటే యాభై దాటాక కూడా గాయకులు పాడేదాన్ని వాద్యం మీద ఎలా పలికించాలా అనే చూస్తున్నారు. ఫిలడెల్ఫియాలో ఇప్పుడు ఒక బడికి ఆయన పేరుంది. బ్రాడ్ స్ట్రీట్‌లో ఒక భవనం గోడ మీద ఆయన బొమ్మ గీశారు.

ఇప్పుడు ఆల్బమ్ మొదటి నుంచి చివరిదాకా వేస్తాను. మధ్యలో ఆపను. ముందు శాక్సఫోన్‌ని వదిలేసి, గ్యాడ్ డ్రమ్స్‌కీ మెక్‌డొనాల్డ్ కాంగాకీ మధ్య జరిగేదాన్ని పట్టుకోండి. మొదటి రెండు పాటల్లో అది దొరికితే, మూడో పాట నుంచి గ్రోవర్ ఎక్కడ ఆగుతున్నారో మీ అంతట మీకే వినిపిస్తుంది. ప్రశ్నలుంటే ఆల్బమ్ అయిపోయాక అడగండి. ఎదురు వరసలో ఉన్న బాబూ, ఆ ఫ్యాన్ కొంచెం తగ్గించు, చప్పుడు చేస్తోంది.